మూడు నెలల షుగర్ పరీక్షలో కొలిచేది ఏమిటి?



కమలాపురంలో కానీ, ఎర్రగుంట్లలో కానీ, పులివెందులలో కానీ ఈ రోజుల్లో ఎవరినైనా "షుగరెంతుంది?" అని అడగండి. రెండు అంకెలు చెబుతారు. "పరగడుపున 140, మూడు నెలలది 7.9" అంటారు. మొదటి అంకెతో చిక్కేమీ లేదు. సూది గుచ్చిన ఆ నిమిషాన రక్తంలో ఎంత చక్కెర ఉందో అది చెబుతుంది. రాత్రి పెళ్లి భోజనం చేసొస్తే పెరుగుతుంది, రెండు రోజులు నోరు కట్టుకుంటే దిగుతుంది. ఈ పూట నేను మాట్లాడబోయేది రెండో అంకె గురించి. చీటీ మీద దాని పేరు హెచ్‌బి ఏ1సి.

ఈ రెండో అంకె చక్కెరను కొలవదు. ఒక ప్రోటీన్‌కు జరిగిన రసాయన మార్పును కొలుస్తుంది. మన ఒంట్లో ప్రోటీన్లు తయారయ్యాక వాటికి ఎన్నో మార్పులు జరుగుతుంటాయి. ఒకదానికి ఫాస్ఫేట్ అతుక్కుంటుంది, ఇంకొకదానికి ఎసిటైల్ సమూహం, మరొకదానికి చక్కెర. వీటిని పసిగట్టి ఇంతని లెక్క చెప్పడం సాధారణంగా కోట్లు ఖరీదు చేసే యంత్రాలున్న ప్రయోగశాలల పని. వాటిలో ఒకే ఒక్క కొలత పల్లెటూరి మనిషి జేబులోని చీటీ దాకా నడిచి వచ్చింది. దాన్ని చూసే డాక్టరు మాత్ర పెంచుతాడు, ఇన్సులిన్ మొదలుపెడతాడు. ఇంత బరువైన నిర్ణయాలు ఆధారపడిన అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ తడబడుతుందో, ఆ మాత్రలు మింగేవాళ్లకు తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ నాలుగు గొలుసుల ప్రోటీన్. రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. వాటిలో మొట్టమొదటిది వాలీన్. దాని కొసన ఒక అమైన్ సమూహం ఖాళీగా ఉంటుంది. రక్తంలో తిరుగుతున్న గ్లూకోజు అక్కడికొచ్చి తగులుకుంటుంది. ఏ ఎంజైమూ దీన్ని జరిపించదు, దానంతటదే జరుగుతుంది. మొదట పడేది బలహీనమైన ముడి. చక్కెర తగ్గితే గంటల్లోనే ఊడిపోతుంది. అలా ఊడిపోకుండా మిగిలిన వాటిలో కొన్ని మాత్రం లోలోపల పరమాణువులను సర్దుకుని గట్టి బంధంగా మారిపోతాయి. ఇటలీకి చెందిన మారియో అమడోరి 1925లో వివరించిన సర్దుబాటు ఇది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒకసారి అలా స్థిరపడిన గ్లూకోజు, ఆ ఎర్రకణం బతికున్నన్నాళ్లూ అక్కడే ఉంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే దీన్ని మూడు నెలల పరీక్ష అంటున్నాం. అయితే ఈ లెక్కలో అన్ని నెలల వాటా ఒకటి కాదు. దాదాపు సగం గడిచిన నెల రోజులదే. రెండు నెలల కిందటి నిర్లక్ష్యం కొంత మాసిపోతుంది, గత నెలది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చక్కెర ప్రోటీన్‌కు అతుక్కునే ఈ చర్య మనకు కొత్తదేమీ కాదు. రాయచోటి దారిలో గువ్వలచెరువు దగ్గర బస్సాపి పాలకోవా కొనుక్కోని కడప మనిషి ఉండడు. తెల్లటి పాలు మరిగి మరిగి లేత గోధుమరంగు కోవాగా మారడంలో జరిగే ముఖ్యమైన రసాయన చర్య ఇదే. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర, కేసీన్ ప్రోటీన్‌లోని లైసీన్‌కు అతుక్కుంటుంది. కడాయిలో వేడికి గంటల్లో జరిగేది, 37 డిగ్రీల ఒంట్లో వారాల తరబడి జరుగుతుంది. 1912లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ దీన్ని మొదట వర్ణించాడు. పాలపొడిని ఎంత వేడికి గురిచేశారో పట్టుకోవడానికి ఆహార ప్రయోగశాలలు వాడే పద్ధతి కూడా దీనిమీదే నిలబడింది. పాలపొడిని గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో చాలా గంటలు మరిగిస్తే, చక్కెర పట్టిన లైసీన్‌లో కొంత భాగం ఫ్యూరోసీన్ అనే పదార్థంగా మారుతుంది. పచ్చిపాలలో అది లేనట్టే లెక్క. ఎంత ఫ్యూరోసీన్ కనబడితే అంత లైసీన్ పాడైందని అర్థం. లైసీన్ మన శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లం, అన్నం తినేవాళ్లకు ముందే కొరతగా దొరికేది. కాబట్టి ఆ కొలత పసిపిల్లల పాలపొడి విషయంలో చాలా ముఖ్యం.

మళ్లీ రక్తం దగ్గరికి వద్దాం. హిమోగ్లోబిన్‌లో ఇలాంటి చిన్న భాగం ఒకటుందని 1958 నాటికే తెలుసు. రెసిన్ నింపిన గొట్టంలోంచి హిమోగ్లోబిన్‌ను పంపితే అది ఒకేసారి దిగిరాలేదు. ముందుగా కొన్ని పలచని పాయలు, ఆ తర్వాత అసలు ముద్ద వచ్చాయి. ముందొచ్చిన పాయలకు వచ్చిన వరసలోనే ఏ1ఏ, ఏ1బి, ఏ1సి అని పేర్లు పెట్టారు. ఆ మూడోదానికీ చక్కెర వ్యాధికీ ఉన్న చుట్టరికాన్ని బయటపెట్టినవాడు ఇరాన్ వైద్య శాస్త్రవేత్త సామ్యుయెల్ రహ్‌బార్. టెహరాన్‌లో ఆయన వింత హిమోగ్లోబిన్‌ల కోసం వెతుకుతూ, కరెంటు పారించిన జిగురు పొర మీద రక్త నమూనాలను పరుగెత్తించేవాడు. చక్కెర వ్యాధిగ్రస్తుల నమూనాల్లో ఒక అదనపు గీత కనబడింది. ఆ సంగతి 1968లో ప్రచురించాడు. ఆయన వెతికింది ఒకటి, దొరికింది మరొకటి. దొరికినదాన్ని పక్కకు తోసెయ్యకుండా పట్టుకుని కూర్చోవడం ఆయన గొప్పతనం. 1976 నాటికి అమెరికాలో ఆంథొనీ సెరామి, రొనాల్డ్ కోనిగ్ మొదలైనవాళ్లు రోగుల చక్కెర అదుపులోకి వస్తే ఈ అంకె కూడా దిగుతుందని చూపించారు. ఆ తర్వాత 1441 మంది మీద పదేళ్లు నడిచిన అమెరికా, కెనడా పరిశోధన ఫలితాలు 1993లో వచ్చాయి. అంకెను 9 దగ్గర కాక 7 దగ్గర ఉంచగలిగితే, అంతవరకు కంటి రెటీనా బాగున్నవాళ్లలో అది దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గిందని తేలింది. డాక్టర్లు 7 అనే గీత గీసి పట్టుకున్నది అక్కడి నుంచే.

ఇప్పుడు అసలు ప్రశ్న. లక్షల కోట్ల హిమోగ్లోబిన్ అణువుల్లో ఎన్నింటికి చక్కెర పట్టిందో ఎలా తెలుసుకోవడం? కంటికి రెండూ ఎరుపే. బరువులో తేడా అతి స్వల్పం. అందుకని చక్కెర అతుక్కోవడం వల్ల ప్రోటీన్‌లో ఏ గుణం మారిందో దాన్ని పట్టుకోవాలి. ఒక్కో పద్ధతి ఒక్కో గుణాన్ని పట్టుకుంటుంది. ఒకే మనిషి రక్తానికి రెండు ల్యాబులు రెండు అంకెలు ఇవ్వడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

మొదటి గుణం విద్యుదావేశం. వాలీన్ కొసనున్న అమైన్‌కు ధనావేశం ఉంటుంది. గ్లూకోజు పట్టాక ఆ ఆవేశం తగ్గుతుంది. రుణావేశమున్న రెసిన్ గొట్టంలోంచి రక్తాన్ని పంపితే మామూలు హిమోగ్లోబిన్ రెసిన్‌ను అంటిపెట్టుకుని ఆలస్యంగా వస్తుంది, చక్కెర పట్టినది ముందే జారిపోతుంది. చివర్న 415 నానోమీటర్ల కాంతిలో ఏది ఎంత దిగిందో యంత్రం గీత గీస్తుంది. చీటీ మీద హెచ్‌పీఎల్‌సీ అని చిన్న అక్షరాల్లో ఉంటే చాలావరకు ఇదే. నిమిషాల్లో అయిపోతుంది. ఆ గీతలో శిఖరాలు కళ్లకు కనబడతాయి కాబట్టి, వింత హిమోగ్లోబిన్ ఏదైనా ఉంటే అనుభవమున్న టెక్నీషియన్ పసిగట్టగలడు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం అందుకే.

కానీ దీనికో బలహీనత ఉంది. ఆవేశాన్ని తగ్గించేది చక్కెర ఒక్కటే కాదు. మూత్రపిండాలు పాడైన మనిషి రక్తంలో యూరియా పెరుగుతుంది. ఆ యూరియా నుంచి కొద్దికొద్దిగా పుట్టే సయనేట్ కూడా అదే వాలీన్ కొసకు అతుక్కుంటుంది. ఆవేశం అలాగే తగ్గుతుంది. పాత యంత్రాలు ఆ రెంటినీ విడదీయలేక కిడ్నీ రోగికి లేని షుగరును కూడా లెక్కలో వేసేవి. ఇప్పటి మంచి గొట్టాలు చాలావరకు వేరు చేస్తున్నాయి.

రెండో పద్ధతి ఆవేశాన్ని పట్టించుకోదు. గ్లూకోజు ఒంటి మీద పక్కపక్కనే ఉండే రెండు హైడ్రాక్సిల్ సమూహాలను పట్టుకుంటుంది. బోరాన్ ఉన్న బోరోనిక్ ఆమ్లాన్ని గొట్టంలోని గుళికలకు అతికిస్తారు. చక్కెర పట్టిన హిమోగ్లోబిన్ ఎక్కడ పట్టినా సరే, వాలీన్ దగ్గరైనా, గొలుసు మధ్యలో లైసీన్ దగ్గరైనా, ఆ గుళికలకు చిక్కుకుంటుంది. మామూలుది వెళ్లిపోతుంది. తర్వాత సార్బిటాల్ పోస్తే చిక్కుకున్నది విడివడుతుంది. హిమోగ్లోబిన్ నిర్మాణంలో పుట్టుకతో తేడా ఉన్నవాళ్ల విషయంలో ఇది తక్కువ తడబడుతుంది.

మూడోది యాంటీబాడీ. బీటా గొలుసు మొదటి నాలుగైదు అమైనో ఆమ్లాలూ, వాటి మీది చక్కెరా కలిసి ఏర్పడిన రూపాన్ని అది గుర్తుపడుతుంది. నాలుగోది ఎంజైముల పద్ధతి. ఆ కొసను ముక్కగా కత్తిరించి, చక్కెర పట్టిన ముక్కను మాత్రమే ఆక్సీకరణం చేసే ఎంజైమును ప్రయోగిస్తారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, దాన్నుంచి రంగు పుడుతుంది, రంగు చిక్కదనమే లెక్క.

ఇన్ని పద్ధతులుంటే నిజమేదని తేల్చడానికి ఒక ప్రమాణం కావాలి కదా. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య 2002లో ఆమోదించిన ప్రమాణ పద్ధతి నాకు చాలా ఇష్టమైనది. హిమోగ్లోబిన్‌ను ఒక ప్రత్యేకమైన ఎంజైముతో కోస్తారు. అది గ్లుటామిక్ ఆమ్లం ఎక్కడుంటే దాని తర్వాత కోస్తుంది. బీటా గొలుసులో మొదటి గ్లుటామిక్ ఆమ్లం ఆరో స్థానంలో ఉంది. కాబట్టి కొస నుంచి సరిగ్గా ఆరు అమైనో ఆమ్లాల ముక్క ఊడి వస్తుంది. చక్కెర పట్టిన ముక్క, పట్టని ముక్క, రెంటినీ ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో తూస్తారు. గ్లూకోజు బరువు 180 డాల్టన్లు, అతుక్కునేటప్పుడు 18 బరువున్న ఒక నీటి అణువు పోతుంది. కాబట్టి చక్కెర పట్టిన ముక్క సరిగ్గా 162 ఎక్కువ తూగుతుంది. ఫాస్ఫేట్ పట్టి ఉంటే 80, ఎసిటైల్ అయితే 42, సయనేట్ అయితే 43 పెరిగేది. ఏ మార్పుకు ఎంత బరువో ముందే తెలుసు కనుక పొరపాటుకు చోటు బాగా తగ్గుతుంది. ప్రోటీన్ల మార్పులను వెతికే ఆధునిక ప్రయోగశాలలన్నీ ఈ బరువుల భాషలోనే మాట్లాడుకుంటాయి.

ఆ ఆరో స్థానానికి ఇంకో విశేషం ఉంది. సికిల్ సెల్ రక్తహీనతలో మారేది అదే స్థానం. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది, ఎంజైముకు అక్కడ కోయడానికి ఏమీ ఉండదు. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ గ్రామాల్లో ఆ జన్యువు ఉన్నవాళ్లు గణనీయంగా ఉన్నారు. వాళ్లకు షుగర్ పరీక్ష రాసేటప్పుడు ఏ పద్ధతిలో చేస్తున్నారన్నది చిన్న ప్రశ్న కాదు.

ప్రమాణ పద్ధతితో తూచి చూస్తే ఒక సంగతి బయటపడింది. మనం 7 శాతం అంటున్న రక్తంలో నిజంగా చక్కెర పట్టిన బీటా గొలుసులు ప్రతి 1000కి 53 మాత్రమే, అంటే 5.3 శాతం. పాత రెసిన్ గొట్టాలు ఆ పాయతో పాటు దిగిన ఇతర భాగాలను కూడా కలిపి లెక్కపెట్టాయి. మరి 7 అనే అంకెను ఎందుకు మార్చలేదు? డాక్టర్ల అనుభవమంతా, 1993 పరిశోధన అంతా ఆ పాత లెక్కమీదే ఉంది. అంకె ఒక్కసారిగా దిగిపోతే, రోగులు జబ్బు తగ్గిందనుకుని మందు మానేసే ప్రమాదం ఉంది. అందుకే పాత లెక్కకూ కొత్త లెక్కకూ మధ్య ఒక సూత్రం కట్టి సరిపెట్టారు. కొన్ని చీటీల్లో శాతం పక్కన 53, 64 లాంటి పెద్ద అంకె కనబడితే కంగారు పడకండి. అదీ ఇదీ ఒకటే.

ఇక మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ అంకె ఎర్రకణం వయసు మీద ఆధారపడింది. కణం ఎక్కువ రోజులు బతికితే ఎక్కువ చక్కెర పట్టించుకుంటుంది, తొందరగా చనిపోతే తక్కువ. ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లలో కొత్త కణాల పుట్టుక మందగిస్తుంది, రక్తంలో ముసలి కణాల వాటా పెరుగుతుంది. అప్పుడు చక్కెర పెరగకపోయినా ఏ1సి పైకి కనబడవచ్చు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ప్రతి 100 మందిలో దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. చెనక్కాయ చేనులో పనిచేసే ఒక తల్లిని ఊహించుకోండి. హిమోగ్లోబిన్ 8 ఉంది. ఏ1సి 6.6 వచ్చింది. నిర్ధారణ గీత 6.5. ఆ ఒక్క చీటీ చూసి ఆమెకు షుగరుందని ముద్ర వేస్తే, సంగటి మాన్పించి, మాత్రలు మొదలుపెడితే, ఆమెకు అసలు కావలసిన ఐరన్ మాట వెనకబడిపోతుంది. పరగడుపున, తిన్న రెండు గంటలకు చక్కెర చూసి ఉంటే సంగతి అక్కడే తేలేది. దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి కూడా ఉంది. రక్తం ఎక్కించుకున్నవాళ్లకు, ఎర్రకణాలు త్వరగా చితికిపోయే జబ్బు ఉన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉండి రక్తం పట్టే సూదులు వేయించుకునేవాళ్లకు ఏ1సి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మంచి అంకెను చూసి ఎవరూ అనుమానపడరు.

అలాంటివాళ్ల కోసం మరో ప్రోటీన్‌ను అడగవచ్చు. రక్తంలోని ఆల్బుమిన్‌కు కూడా చక్కెర పడుతుంది. దానికీ ఎర్రకణానికీ సంబంధం లేదు. సగం ఆల్బుమిన్ సుమారు మూడు వారాల్లో మారిపోతుంది కాబట్టి అది గడిచిన రెండు మూడు వారాల కథ చెబుతుంది. దీన్ని కొలిచే ఫ్రక్టోసమీన్ అనే పరీక్షలో క్షార ద్రావణంలో ఒక పసుపు రసాయనాన్ని కలుపుతారు, చక్కెర పట్టిన ప్రోటీన్లు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. ఇది చవక, తేలిక. మన జిల్లా స్థాయి ల్యాబుల్లో ఇంకా విరివిగా వాడాలని నా కోరిక. ఒంట్లో ప్రోటీన్లు బాగా పడిపోయినవాళ్లకు మాత్రం ఇది సరిపోదు.

రంగుతో కొలవడమనగానే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోకుండా ముందుకు పోలేను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన పద్ధతితో, భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి చెప్పవచ్చు. ఫాస్ఫేట్ పట్టిన ప్రోటీన్‌ను తీసుకుని ఆమ్లంలో ఉడికించి, మాలిబ్డేట్ కలిపి ఆ నీలిని కొలిస్తే, ఎంత ఫాస్ఫేట్ పట్టిందో తెలిసిపోయేది. ప్రోటీన్ల మార్పులను తూచే యంత్రాలు రాకముందు ఎన్నో ప్రయోగశాలలు దీనిమీదే నడిచాయి, ఈనాటికీ విద్యార్థులు చేస్తున్నారు. ఆ పరంపర హైదరాబాదులో కొనసాగుతోంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో రష్నా భండారి బృందం ప్రోటీన్ మీది ఫాస్ఫేట్‌కు మళ్లీ ఇంకో ఫాస్ఫేట్ అతుక్కునే అరుదైన మార్పు మీద పని చేస్తోంది. బలహీనమైన ఆ బంధాన్ని చెదరకుండా చూడటమే అక్కడ కష్టం.

చక్కెర మార్పు హిమోగ్లోబిన్‌తో ఆగితే ఇంత బాధ లేదు. ఎర్రకణం పోతే అదీ పోతుంది. కంటి కటకంలోని క్రిస్టలిన్ ప్రోటీన్లకు ఆ వెసులుబాటు లేదు. కటకం నడిబొడ్డున ఉన్నవి మనం పుట్టకముందు తయారైనవి, చచ్చేదాకా మారవు. వాటికి పట్టిన చక్కెర ఏళ్లు గడిచే కొద్దీ ఇంకా మారి, ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి, గోధుమరంగుకు తిప్పుతుంది. కొత్తగా పుట్టిన ఆ పదార్థాలు ఒక రంగు కాంతి పడితే మరో రంగు కాంతిని వెలువరిస్తాయి. దాన్నే కొలుస్తారు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం ఇలాంటి కొలతలతోనే మన వంటింటి దినుసుల్లో ఏవి ఈ మార్పును అడ్డుకోగలవో పరీక్షనాళికల్లోనూ ఎలుకల్లోనూ పరిశోధించింది. ఫలితాలు ఆశ కలిగించేవే. అంతమాత్రాన జీలకర్ర నీళ్లు తాగి మాత్ర మానేయవచ్చని ఆ పరిశోధన చెప్పలేదు.

చివరగా మన ఊళ్ల సంగతి. చాలా చిన్న ల్యాబుల్లో రక్తం తీస్తారు కానీ ఏ1సి అక్కడ చేయరు. ఊదారంగు మూత గొట్టంలో రక్తం నింపి కడపకో, ప్రొద్దుటూరుకో, ఇంకా దూరానికో పంపుతారు. మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ గొట్టం ఐస్ పెట్టెలో వెళ్తే వారం దాకా చెడదు. బస్సు డాష్‌బోర్డు మీద వేడెక్కుతూ వెళ్తే హిమోగ్లోబిన్ దెబ్బతిని అంకె తప్పుతుంది. రక్తమిచ్చేటప్పుడు ఎలా పంపుతారని అడగండి, అది మీ హక్కు. చీటీ చేతికొచ్చాక అంకె కింద పద్ధతి పేరు చూడండి. లేకపోతే రాయమనండి. అదే రోజు హిమోగ్లోబిన్ కూడా చూపించుకుని రెండు చీటీలూ కలిపి డాక్టరు ముందు పెట్టండి. తర్వాతిసారి కూడా వీలైతే అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించండి. 7.4 నుంచి 7.2కి దిగితే సంబరపడవద్దు, 7.6కి ఎక్కితే బెంగపడవద్దు, అంత తేడా కొలతలోనే ఉంటుంది. అర శాతం మారిందంటే అప్పుడు ఒంట్లో మార్పు వచ్చిందని అనుకోవచ్చు.